నాలుగు మిషన్ల గ్రామఫోను

నాన్న పోయిన ఆరేళ్లకు, అమ్మను ఊరికి ఆ చివర ఉధ్నాలోని కిరాయి ఇంటి నుంచి అడాజన్‌లోని మా ఫ్లాటుకు తెచ్చుకున్నాను. సామానంతా సర్దాక, మంచం కింద పాత చీర చుట్టి ఉన్న గ్రామఫోను దగ్గర అమ్మ ఆగిపోయింది.

"గిది మాత్రం వద్దు బిడ్డా. పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చెయ్."

ఆదివారాలు నాన్న ఆ గ్రామఫోను పెట్టగానే అమ్మ లేచి తలుపూ కిటికీ మూసేయడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. అమ్మ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ నాయిన పనిజేసే సేఠ్ ఇంట్ల గిసొంటిదే ఒకటి పోయింది. నువ్వప్పుడు చంటిపిల్లవు. పోలీసులు సాంచాల కాడికొచ్చి అందర్ని అడిగిన్రు. దొంగ దొరకలే. ఏడాది తిరగకముందే మీ నాయిన దీన్ని పట్టుకొచ్చిండు."

సాంచాలంటే మా వాళ్ల మాటలో మరమగ్గాలు. ఈ గుజరాతీ ఊరికి వలసొచ్చి నాన్న వాటిని బాగుచేసేవాడు.

"ఎక్కడిదని అడగలేదా?"

"అడిగిన. నేనే చేసిన అన్నడు. సాంచాలు బాగుజేసేటోనికి పాటల మిషిన్ చేసుడు ఎట్లొస్తది? అబద్ధమనుకున్న. మల్ల అడగలే."

ఇన్నేళ్లూ అమ్మ ఆ అనుమానాన్ని ఎవరికీ చెప్పకుండా మోసిందన్న మాట. నాన్న అలాంటి పని చేశాడంటే నేను నమ్మను. కానీ చేయలేదని చూపించడానికి నా దగ్గరా ఏమీ లేదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు ఒక స్నేహితురాలిని అడిగితే, ఆల్థాన్‌లో పాత గ్రామఫోన్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని చెప్పింది. అమ్మ భయపడింది.

"ఆయన గుర్తుపట్టి పోలీసులకు చెప్తే?"

"ఇదేం మిషనో చెప్పమని మాత్రమే అడుగుదాం. ఇంకేం మాట్లాడొద్దు" అని ఆటో ఎక్కించాను.

పెద్దాయన గ్రామఫోనును బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూశాడు. ముందున్న కంపెనీ బిళ్లను గోటితో తట్టాడు. పైపలక మరలు విప్పి లోపలికి టార్చి వేశాడు. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"బెహన్, మీరు తెచ్చింది ఒక మిషన్ కాదు," అన్నాడాయన హిందీలో, "నాలుగు."

ఒక్కొక్కటీ చూపించాడు. మోటారు చేతిపెట్టెలా మోసుకెళ్లే చిన్న గ్రామఫోనుది. సూది పట్టుకునే చెయ్యి వేరే కంపెనీది. ఇత్తడి గొట్టం కేవలం అలంకారానికి చేసే రకం. పెట్టె అసలు గ్రామఫోనుదే కాదు, పాత రేడియోది. స్టేషన్ల ముల్లు తిరిగే చోట ఉన్న కంతను చెక్కతో పూడ్చి, దాని మీద బిళ్ల కొట్టారు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఎవరైనా మొత్తం మిషన్ ఒకటి తెచ్చి, గుర్తు తెలియకుండా మార్చి ఉండొచ్చా?"

ఆయన నవ్వాడు. "అలాగైతే ఏ రెండు భాగాలైనా ఒకదానికొకటి అతకాలి కదా. ఇక్కడ ఏదీ అతకదు. ఎవరో అన్నిటినీ ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాడు. ఎంత ఓపికో! ఈ చెయ్యి కింద తోలుబిళ్ల ఏమిటో మాత్రం నాకు తెలియట్లేదు."

అమ్మ వంగి చూసింది. "అది పికర్ తోలు. సాంచాల మీద దారం మోసే నాడెను అటు ఇటు కొట్టేదానికి ఉంటది."

ఆయన టార్చిని పెట్టె అడుక్కి తిప్పాడు. "ఇక్కడ పెన్సిల్‌తో ఏదో రాసుంది. మీ భాషేనా?"

మూడో తరగతితో చదువాపేసిన మనిషి రాసే పెద్ద పెద్ద అక్షరాలు. నాన్నవే. అమ్మ కోసం పైకి చదివాను. "చెయ్యి పావు అంగుళం తక్కువున్నది. తోలు పెట్టాలె."

పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. పెద్దాయన నా ముఖం చూసి మరోలా అనుకున్నట్టున్నాడు. పాత గ్రామఫోన్లు సేకరించేవాళ్లు ఇలాంటి అతుకుల మిషన్లు కొనరని, నొచ్చుకోవద్దని ఓదార్చాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అమ్మ ఆ రాత మీద వేలు పెట్టి మెల్లగా అంది. "చేసిన అంటే నిజంగనే చేసిండు. నేనే నమ్మకపోతి."

"నీకు భయమేసింది, అమ్మా."

"భయమే. గాని ఒక్కపారి గీ పెట్టె తెరిచి చూపియ్యుమంటె అయిపోతుండె."

పెద్దాయన మరలు బిగించి, మోటారుకు కాస్త నూనె వేసి ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ గ్రామఫోనును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంత దూరం పోయాక రోడ్డు పక్కన వేడి వేడి శనగపిండి లోచో అమ్మే బండి కనబడింది.

"జర ఆపుమను. ఆకలైతుంది" అంది.

రెండు ప్లేట్లు తింది. పైన చల్లే సేవ్ ఇంకొంచెం వేయమని బండివాడితో గుజరాతీలో దబాయించింది కూడా.