యాదయ్య కొలిచిన ఎండు బోర్లు

యాదయ్య చేతిలో ఎప్పుడూ ఒక చక్రం ఉంటుంది. దానికి చుట్టిన టేపు చివర ఇనుప గుండు. బోరులోకి వదిలితే, గుండు నీళ్లను తాకగానే చక్రం మీది పెట్టె కీచుమంటుంది. ఎన్ని అడుగుల దగ్గర కూసిందో పుస్తకంలో రాసుకుంటాడు. కూత వినబడకుండానే గుండు బోరు అట్టడుక్కి చేరితే, ఆ లోతే రాయాలి. పదకొండేళ్లుగా ఆయన పని ఇదే. అంతకుముందు బాలానగర్‌లో మోటర్లు బాగుచేసే షెడ్డులో ఉండేవాడట. అక్కడి పెద్ద పానా ఇప్పటికీ బండి సంచిలోనే తిరుగుతుంది.

ఆ పుస్తకంలోని అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించేది నేను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మాదాపూర్‌లో ఆరో అంతస్తులో, ఊరి బోర్ల నీటి లెక్కలు తీసే మా ఆఫీసు. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. కిరాయికి ఉండేది యాదయ్య గల్లీలోనే, రాళ్లగడ్డ బస్తీలో.

నేను ఎక్కించిన అంకెల మీద మా ఆఫీసు అవినాష్ సార్ కంప్యూటర్ నల్ల తెరలో ఒక్క లైను ఆదేశం కొడతాడు. ఊరంతా కిలోమీటరు గడులుగా విడిపోతుంది. ఒక్కో గడిలో పడ్డ కొలతలన్నీ కూడి, ఎన్ని కొలతలుంటే అన్నిటితో భాగించి, ఆ గడికి ఒక్క సగటు వస్తుంది. సగటు లోతు నాలుగు వందల అడుగులు దాటితే గడి ఎరుపు. రెండు వందలు దాటితే పసుపు. లేకపోతే పచ్చ. ఎండాకాలం ట్యాంకర్లు ఎరుపు గడులకే వెళ్తాయి.

ఈ ఏప్రిల్లో మా గడి పచ్చగా వచ్చింది. సగటు నూట పద్దెనిమిది అడుగులు.

వారం రోజులుగా గల్లీలో బిందె నిండలేదు. ఆ సాయంత్రం ఓబులమ్మ, నా గది ఓనరు, గేటు దగ్గరే యాదయ్యను పట్టుకుంది. "ఏమప్పా యాదయ్యా! ఊళ్లో అందరి నీళ్లూ కొలిచి వస్తావు. మన గల్లీకొచ్చేసరికి నీ టేపు గుడ్డిదైపాయనా?"

"నేను సరిగ్గనే కొలిచిన వదినా."

"కొలిచినావులే. ట్యాంకర్ ఏదీ?"

ఆయన చక్రాన్ని బండి సంచిలో పెట్టుకున్నాడు. నాకే కోపం ఆగలేదు, కానీ నోరు పెగల్లేదు.

మర్నాడు ఫైలు తెరిచి మా గడిలోని కొలతలు లెక్కపెట్టాను. మొత్తం ముప్పై మూడు. అందులో మా గల్లీవి మూడే, మూడూ ఏడు వందల అడుగుల ఎండు బోర్లు. మిగతా ముప్పై చెరువు పక్క అపార్ట్‌మెంటువి. అక్కడ ఉన్నవి పది బోర్లే, అరవై అడుగుల్లోనే నీళ్లు. వారానికోసారి చొప్పున మూడు వారాలు కొలిస్తే ముప్పై అయ్యాయి. రోజుకు ఇన్ని కొలతలు పంపాలని ఆఫీసు పెట్టిన లెక్క. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గేటు తీస్తాడు, మూతలు చేత్తోనే వస్తాయి, గంటలో పని అయిపోతుంది. భోజనం చేసినవాడే పదేపదే చెయ్యెత్తితే పంక్తి అంతా తిన్నట్టు రాసుకున్నాం.

చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాటలు ముందే కాగితం మీద రాసుకున్నాను.

అవినాష్ సార్ కాగితం చదివాడు. "మీరన్నది నిజమేనండీ ప్రవీణా. ముందు ఒక్కో బోరుకు ఒక్కో సగటు తీసి, ఆ తర్వాత గడికి తీయాలి. కానీ ప్రతి కొలతా లెక్కలోకి రావాలని ట్యాంకర్లు పంపేవాళ్లతో ఒప్పందంలో ఉందండి. మధ్యలో నేను పద్ధతి మార్చలేను."

"తప్పని తెలిసి కూడానా సార్?"

అది నా నోటి నుంచే వచ్చిందా అనిపించింది.

"కొత్త కొలతలొస్తే కలుపుతానండి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి వాళ్లకు ఎరుపు గడుల జాబితా వెళ్లిపోతుంది. అంతవరకే నా చేతిలో ఉంది."

యాదయ్యకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. "అంటే నా చేతులతోనే మన గల్లీ నోట్ల మట్టి కొట్టిన్నా బిడ్డా?" అన్నాడు.

శుక్రవారం నేను సెలవు పెట్టాను. పొద్దున్నే ఆయన పానా తీశాడు. మా బస్తీలో ఎండిన బోరును ఎవరూ అలా వదిలేయరు. ఇంటికి పట్టిన శనిలా దాన్ని దాచేస్తారు. ఒకరు దాని మీద బట్టలుతికే బండ పరిచారు, ఒకరు కోళ్ల గూడు పెట్టారు. పనికిరాని బోరని యాదయ్య కూడా ఇన్నేళ్లూ వాటి జోలికి పోలేదు, బయటికి కనబడే ఆ మూడే కొలిచాడు. ఓబులమ్మ బోరు మూత మీద తులసి కుండీ ఉంది.

"తులసమ్మను కదిలిస్తే ఎట్లప్పా? అందులో శుక్రవారం."

"అమ్మవారికి గూడ నీళ్లు గావాలె గద వదినా."

ఓబులమ్మ కుండీ వైపు చూసింది. మట్టి నెర్రెలిచ్చి ఉంది. చెంపలు వేసుకుని తానే ఎత్తి పక్కన పెట్టింది.

తుప్పు పట్టిన బోల్టులు కదల్లేదు. యాదయ్య పానాకు పైపు తొడిగి దాని మీద ఒంటి బరువంతా మోపాడు. అరచెయ్యి చీరుకుంది. మూత లేచింది. గుండు ఏడు వందల అడుగులు దిగింది, పెట్టె కూయలేదు. నేను పుస్తకంలో రాశాను. అక్కడి నుంచి పక్క ఇల్లు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పంతొమ్మిది ఎండు బోర్లయ్యాయి, అన్నీ ఏడు వందల అడుగులవే. చివరి బోరు గట్టుమీదే కూర్చుని ఫోన్లో కొలతలన్నీ పంపాను.

అవినాష్ సార్ ఫోన్ చేశాడు. "మూడు వందల ముప్పై వచ్చిందండి. పసుపు."

పసుపుకు ట్యాంకర్ రాదు. ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది. ఇన్ని ఎండు గొంతులు తెరిచి చూపించినా సగటుకు సరిపోలేదట.

యాదయ్య అరచేతికి రుమాలు చుట్టుకుంటున్నాడు. "ఎన్ని తక్కువ పడ్డయి బిడ్డా?"

పుస్తకం వెనక అట్ట మీద గుణించాను, భాగించాను. పన్నెండైతే సరిగ్గా నాలుగు వందలే. దాటాలి.

"పదమూడు, మామా."

"టైమెంత?"

"మూడుంబావు."

ఆయన మా గడిలోకే వచ్చే వెనక గల్లీ వైపు చూశాడు. ఓబులమ్మ అప్పటికే చెంగు దోపుకుని అటు నడుస్తూ, ఒక్కో తలుపూ తడుతోంది. "మీ ఇంట్లో చచ్చిన బోరుంటే మూతలు తీయండమ్మా, తొందరగా!"

పానా ఇలా ఇమ్మని యాదయ్యను అడిగాను. చాలా బరువుగా ఉంది. రెండు చేతులతో భుజానికెత్తుకుని ఆమె వెనకే నడిచాను.