నూలడిగితే రగ్గులు

అమలాపురానికి దగ్గర్లోని చేనేత ఊళ్లో, వీధి చివరి మగ్గం సూర్యారావుది. ముప్పయ్యేళ్లు ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తువ్వాళ్లూ పంచెలూ నేసి బతికిన మనిషి. తొంభై ఆరు తుఫానుకి ఇంటి కప్పు ఎగిరిపోయింది. మగ్గం గుంట బురదతో నిండింది. దాచుకున్న నూలు కుళ్లిపోయింది.

నీళ్లు తీశాయో లేదో ఊళ్లో వాంతులూ విరేచనాలూ. భార్య అచ్చమ్మ కళ్లు తేలేసింది. బడిలో మకాం పెట్టిన పరదేశపు డాక్టరమ్మ రెండు రోజులు పక్కనే ఉండి, సెలైన్లు ఎక్కించి బతికించింది. ఆ తల్లికి సూర్యారావు చేతులెత్తి మొక్కాడు.

ఆ వెనకే డాక్టరమ్మ సంస్థ వాళ్ల సాయం లారీ వచ్చింది. మూటలు విప్పితే ఏ దేశపు వాళ్లో తొడిగి విడిచిన స్వెట్టర్లు! కోనసీమకి స్వెట్టర్లు పంపాలని ఎవడి బుర్రకి తోచిందో గాని, వాడిని తెచ్చి మా ఎండలో ఒక్క పూట నిలబెట్టాలి.

"బట్టలు నేసేవాళ్లకి పాత బట్టలేంటండీ? నూలిప్పించండి, నా బట్ట నేనే నేసుకుంటాను" అన్నాడు సూర్యారావు, పంచిపెడుతున్న సంస్థ ఉద్యోగి మురళీమోహన్‌తో.

"పైనుంచి ఇవే పంపేరండి. ఫొటోకి ఒక్కసారి తొడుక్కోండి బాబాయిగారూ."

సిగ్గుతో చచ్చిపోతూ తొడుక్కున్నాడు.

గుంట తానే తోడుకున్నాడు. మగ్గం మీదున్న నిలువు పోగుల పడుగు కడిగితే పనికొచ్చింది గాని, అడ్డంగా నేయడానికి నూలేదీ? కోలుకున్న అచ్చమ్మ ఆ స్వెట్టర్లు పోగు పోగూ విప్పి కండెలు చుట్టింది. దాంతో సూర్యారావు ఒక రగ్గు నేసి, డాక్టరమ్మ వెళ్లిపోయే రోజున బడికి పట్టుకెళ్లాడు. ఆవిడకి తెలుగు రాదు, మధ్యలో మాట చెప్పడానికి మురళీమోహన్ ఉన్నాడు.

"ఈ స్వెట్టర్లు విప్పి నేసేనండి. మా ఆవిడ ప్రాణం నిలబెట్టినందుకు ఇది. మాకు నూలొక్కటీ పంపించమని చెప్పండి బాబూ. మా వీధి వీధంతా లేచి నిలబడుద్ది."

మురళీమోహన్ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాడు. డాక్టరమ్మ రగ్గుని గుండెలకి హత్తుకుంది. సూర్యారావు ఇంటికొచ్చి మగ్గం తుడిచి, అడ్డపోగు నడిపే నాడెకి నూనె రాసి, ఆర్నెల్లు ఎదురుచూశాడు.

మే నెలలో, రోళ్లు పగిలే ఎండలో లారీ వచ్చింది. పరుగున వెళ్లి మొదటి మూట తనే విప్పాడు. రగ్గులు. రెండో మూటలోనూ రగ్గులే.

"ఆ రోజు ఇంగ్లీషులో ఏం చెప్పేరు బాబూ?"

మురళీమోహన్ తల దించుకున్నాడు. "స్వెట్టర్లు విప్పి మీ చేత్తో నేసేరని చెప్పేనండి. కానుక ఇచ్చిన చేత్తోనే అడిగితే మర్యాదగా ఉండదని, నూలు మాట ఎత్తలేదండి. మీరు చలికి తట్టుకోలేక రగ్గులు నేసుకుంటున్నారనుకున్నారంటండి వాళ్లు."

"ఆయ్, మర్యాదేనండి! లారీ నిండా పంపినోళ్లు ఏం కావాలని ఒక్క ముక్క అడగలేకపోయేరు. నేను నోరు విడిచి అడిగింది మీరు చెప్పలేకపోయేరు. మీ అందరి మర్యాదకీ నా మగ్గం చచ్చిపోయిందండి!"

తన వంతు రగ్గులు ఇంటికి మోసుకెళ్లి, అచ్చమ్మ వద్దంటున్నా వినకుండా మగ్గం గుంటలో కుక్కి, కాళ్లతో తొక్కి, పైన మట్టి పోసి చదును చేసేశాడు. వారం తిరక్కుండా అంబాజీపేటలో లారీలకి కొబ్బరికాయలెత్తే పనికి కుదిరాడు. మొదటి రోజు భుజాన వేసుకెళ్లిన తువ్వాలు బజార్లో కొన్నది.