చెట్టు మీద నూరుకునే కత్తి

2017 ఫిబ్రవరి. కోరుట్లలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డు. అందులో ఒకప్పుడు పాత పేపర్ కట్టలు ఉండేవి. ఇరవై ఆరేళ్లు ఒక దినపత్రికకు ఈ ప్రాంతపు వార్తలు రాసి మానుకున్నాక కట్టలన్నీ తీసేసి అక్కడ కొలిమి పెట్టుకున్నాను. ఇనుము కాల్చి కొట్టే పని మా వంశంలో ఎవరికీ లేదు. నాకది సరదా. లారీ బ్రేక్ డ్రమ్ములో బొగ్గులు, గాలికి చిన్న బ్లోయర్, ఇనుము పెట్టి కొట్టే దాగలికి బదులు రైలు పట్టా ముక్క. అంతే మా కార్ఖానా.

ఇదే సరదా ఉన్నవాళ్లం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కలిపి పదకొండు మందిమి తేలాం. ఫోన్‌లో ఒక గ్రూపు. ఆదివారం ఎవరో ఒకరి షెడ్డులో కలుస్తాం. ఒకరు బొగ్గు తెస్తే ఇంకొకరు లారీల కింద ఉండే కమాన్ పట్టాలు పాతవి వెతికి తెస్తారు. టీ, కాలిన చేతులకు మందు ఆ ఇంటివాళ్ల వంతు. మాలో నిజంగా పనితనం ఉన్నవాడు సిరిసిల్ల రాజేశం. సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ. ఆ ఏడాది సాంచాలు నడిచిన రోజుల కన్నా ఆగిన రోజులే ఎక్కువ. వారంలో మూడుసార్లు వేములవాడ మీదుగా బస్సెక్కి వచ్చేవాడు.

"ఇంట్ల కూసుంటే మా ఆమె మొఖం సూడాలె. ఈడ నిప్పు మొఖం సూస్త. గిదే సల్లగుంటది" అనేవాడు.

అలాంటి ఒక ఆదివారం మల్లేశం వచ్చాడు. వెల్గటూర్ దగ్గరి ఊరు. నలభైకి దగ్గరగా ఉంటాడు. సౌదీలో పనిచేస్తున్న కంపెనీ మూతపడితే చేతిసంచితో తిరిగొచ్చినవాడు. అలా వచ్చినవాళ్ల మీద నేను రాసిన వార్తలకు లెక్కలేదు. ఎవరూ నన్ను పనిముట్టు అడగలేదు. ఇతనే మొదటివాడు.

"సారూ, మీరు కత్తులు జేస్తరని మా బామ్మర్ది జెప్పిండు. నాకు గీత కత్తి గావాలె."

"బజార్ల దొరుకుతలేదా తమ్మీ?" అన్నాడు రాజేశం.

"దొరుకుతది గని గా వంపు రాదన్నా. మా ఊరి కమ్మరాయన మంచిగ జేసెటోడు. గాయన దుబాయ్ పోయిండు, వెల్డింగ్ పనికి. నేనచ్చిన, ఆయన పోయిండు."

సంగతి నెమ్మదిగా చెప్పాడు. తండ్రి లస్మయ్య కల్లు గీసేవాడు. మోకాళ్లు పనిచేయక దిగిపోయాడు. ఆయన చెట్లు పన్నెండు. ఈ కాలం మల్లేశం గీస్తే అతనికే ఉంటాయి, లేకపోతే గీత సంఘం ఇంకొకరికి ఇస్తుంది. తండ్రి కత్తి అరిగి అరిగి వేలెడు మిగిలింది. అటు జగిత్యాల ఏజెంటు దగ్గర మస్కట్ వీసా ఒకటి సిద్ధంగా ఉంది. పాస్‌పోర్టు కూడా ఆ ఏజెంటు దగ్గరే ఉంది. నెలాఖరుకు ఏదో ఒకటి చెప్పాలి.

"మా ఆమె రాధ ఒక్కటే మాటన్నది. చెట్లు పారితే ఉండు, పారకుంటే పో అన్నది."

తాటిగెల కొనను పొద్దున, సాయంత్రం రేకులా పలుచగా చెక్కితేనే కల్లు చెట్టుకు కట్టిన లొట్టిలోకి కారుతుంది. చెట్టు పారడమంటే అదే. కత్తి మొద్దుబారితే గెల తెగదు, నలుగుతుంది. నలిగిన గెల ఎండిపోతుంది. ఆ మాట అతను చెప్పగానే మాకు పౌరుషం వచ్చింది. నలగని కత్తి చేసి చూపిద్దామనుకున్నాం.

పాత కత్తి వంపును అట్టముక్క మీద గీసుకున్నాం. కమాన్ పట్టా ముక్క కాల్చి మూడు గంటలు కొట్టాం. తర్వాత క్వెంచింగ్. అంటే అయస్కాంతం అంటుకోనంతగా ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం. ఉక్కు బిగుసుకుంటుంది, పెళుసు కూడా అవుతుంది. ఆ పెళుసు తీయడానికి మళ్లీ సన్నవేడి పెట్టడం టెంపరింగ్. దాన్ని మేం చాలా తక్కువలో ఆపేశాం. ఎక్కువైతే మెత్తబడి పదును త్వరగా పోతుందని భయం. చివరికి అంచు మీద ఆకురాయి పెట్టి లాగితే అద్దం మీద గోరులా జారిపోయింది. ఉక్కు గట్టిపడిందనడానికి మా లోకంలో అంతకు మించిన పరీక్ష లేదు. ఫొటో పెడితే జగిత్యాల నుంచి ఒక లెక్చరర్ మిత్రుడు "దీన్ని అరగదీసేవాడు ఇంకా పుట్టలేదు" అని రాశాడు. అది నిజమేనని తొమ్మిదో రోజున తెలిసింది.

మల్లేశం ఫోన్ చేశాడు. "సారూ, నాలుగొద్దులు మంచిగనే కోసింది. ఇప్పుడు గెల నలుగుతంది. రెండు చెట్లు ఆగినయ్. ఎంత నూరినా పదునస్తలేదు."

"నూరుడు రానోనికి కత్తి ఇచ్చినం" అని రాజేశం కస్సుమన్నాడు. అయినా తెల్లారి గ్రైండర్ సంచిలో వేసుకుని నాతో బస్సెక్కాడు. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి.

లస్మయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని మా కత్తిని మోకాలి మీద పెట్టుకుని చూస్తున్నాడు.

"ఏందయ్యా, మీ దిక్కు దీంతోని ఏం గోస్తరు, ఇనుప సలాకలా?"

"పెద్దాయనా, గిది అసలు ఉక్కు. మిషన్ మీద పెడితే గడియల పదునస్తది." రాజేశం గ్రైండర్ బయటికి తీశాడు.

"మంచిదే. మరి కరెంటు తీగ చెట్టు మీది దాక నువ్వే గుంజుతవా?"

రాజేశం గ్రైండర్‌ను మళ్లీ సంచిలో పెట్టాడు.

ముసలాయన కొడుకు చేత తన చెక్క తెప్పించాడు. మూరెడు కర్ర పలక. దాని మీద తెల్లటి పలుగురాతి పొడి చల్లి తన అరిగిపోయిన కత్తిని నాలుగుసార్లు రుద్దాడు. ఉక్కు అరిగి పొడి బూడిద రంగుకు తిరిగింది. మా కత్తిని పన్నెండుసార్లు రుద్దాడు. పొడి తెల్లగానే ఉంది.

"సూడుండ్రి. చెట్టు మీద మోకుల ఒరిగి, గాలికి ఊగుకుంట, రెండు రుద్దులు రుద్ది గెల కోసుకోవాలె. మళ్ల ఇంకో గెల, మళ్ల రెండు రుద్దులు. నాలుగొద్దులు నిలిచే పదును నాకెందుకయ్యా? రెండు రుద్దులకు లేచే పదును గావాలె."

నేను విలేకరిని. ఆ ఆదివారం మల్లేశాన్ని అతని ఊరు, కంపెనీ, వీసా, చెట్ల లెక్క అన్నీ అడిగాను. కత్తి ఎక్కడ నూరుకుంటావని మాత్రం అడగలేదు. మా షెడ్డులో సానరాయి, బెల్టు మిషన్ చేతికందేటంత దూరంలో ఉంటాయి. అందరికీ అలాగే ఉంటాయనుకున్నాం.

ఉక్కును మరీ గట్టిగా ఉంచడమే తప్పని తెలిశాక రాజేశం క్షణం ఆగలేదు. టెంపరింగ్‌కు కొలిమి అక్కర్లేదు, మందమైన ఇనుము వేడెక్కితే చాలు. కత్తిని గరుకు కాగితంతో తోమి మెరిపించి, పొయ్యి మీదున్న రొట్టెల పెంక కోసం చెయ్యి చాచాడు.

"రొట్టెలు గాల్చే పెంక మీద కత్తి గాల్చుడేంది అన్నా?" అంది రాధ.

"గిది పారితే కొత్త పెంక నేనే తెస్త చెల్లే."

ఉక్కు వేడెక్కే కొద్దీ రంగు మారుతుంది. మొదట గడ్డి రంగు. అక్కడే మేం ఆదివారం ఆపింది. గోధుమ రంగుకు వచ్చాక తీసి చల్లార్చి రుద్దితే పొడి తెల్లగానే ఉంది. ఊదా రంగు దగ్గర కొంచెం మాసింది. నెమలిమెడ నీలం కనిపించగానే రాజేశం కత్తిని నీళ్లలో వేశాడు. లస్మయ్య తీసుకుని రెండంటే రెండుసార్లు రుద్దాడు. పొడి నల్లబడింది. ముంజేతి మీది వెంట్రుకలు గొరిగి చూసుకుని కొడుకు చేతికిచ్చాడు.

"ఎక్కురా."

ఆ సాయంత్రం మల్లేశం ఆగిపోయిన రెండు చెట్లూ ఎక్కాడు. నలిగిన మేర కోసేసి పచ్చిదాకా చెక్కాడు. మేం కింద తలలెత్తి నిలబడ్డాం.

"బాపూ, ఇది పారుతంది!" అని ఒక చెట్టు మీది నుంచి అరిచాడు. రెండోది పారలేదు. ఆ కాలమంతా పారలేదు. తప్పు మాదే, నష్టం అనుభవించింది అతను. ఆ మాట చెబితే "పదకొండు ఉన్నయ్ గద సారూ" అన్నాడు. మూడో రోజు జగిత్యాల వెళ్లి ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడు.

ఇప్పటికి మేం ముప్పై దాకా గీత కత్తులు చేశాం. ఇంకా బాగా చేస్తామన్న ధైర్యం ఉంది. ఎవరు పనిముట్టు అడిగినా మొదట వాళ్లు దేని మీద నూరుకుంటారో అది పట్టుకు రమ్మంటాం. కత్తి పూర్తయ్యాక ఆకురాయితో పరీక్షించి సంతోషపడం. వచ్చినవాడి చేతికిచ్చి, అతని చెక్క మీద అతన్నే రుద్దమంటాం. పొడి రంగు తిరిగేదాకా అది మా ఇనుపముక్క. తిరిగాక అతని కత్తి.