మా ఊరి వీరుడి రాయి

మాది గురజాల దగ్గర నాపరాళ్ల నేలలో ఉన్న చిన్న ఊరు. రెండేళ్ల క్రితం ఊరి చరిత్ర మీద వీడియో తీస్తానని ఎదురింటి శ్రీను అడిగితే సంతోషంగా వెంట తిరిగాను. నన్ను అక్కా అంటూ మా ఇంట్లో అన్నం తిని పెరిగినవాడు. పాత కోటగోడ, వాగు చూపించాక, మా మిరపచేను గట్టున కంపలో ఉన్న వీరుడి రాయి దగ్గరికి కూడా తీసుకెళ్లాను. రాతిమీద కత్తి పట్టిన ఆ వీరుడు ఊరిని కాపాడుతూ చనిపోయాడని మా అత్తగారు చెప్పేది. ఏటా తొలి కోతకు ముందు ఆ రాతికి పసుపు రాసి దండం పెట్టుకునేవాళ్లం.

నెల తిరక్కుండా రాయి మాయమైంది. ఊరంతా వెతికాం. శ్రీను కూడా కంపలు తొలగిస్తూ మాతో వెతికాడు. "ఏ దొంగెదవలో దొరకనియ్యక్కా, చెబుతా వాళ్ల సంగతి" అన్నాడు.

ఆ వేసవిలో నరసరావుపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన, పూలకుండీల మధ్య మా వీరుడు! పిల్లలు ఆ రాతికి ఆనుకుని సెల్ఫీలు దిగుతున్నారు. మా ఊరి పేరు చెప్పి మేనేజరును అడిగితే, "మీ ఊరి శ్రీనే ట్రాక్టర్లో తెచ్చి అమ్మాడమ్మా" అన్నాడు.

భోజనం చెయ్యకుండానే వచ్చి శ్రీనును నిలదీశాను. "ఏందిరా ఈ పని?"

వాడు తల కూడా దించలేదు. "కంపలో పడుంటే ఎవురు చూశారక్కా? ఆడ చానామంది చూస్తున్నారు. అయినా నువ్వే గదా నాకు చూపించింది!"

మర్నాడు ఊరి పెద్దలు వెళ్లి గట్టిగా మాట్లాడి రాయిని తెచ్చి, గట్టున మళ్లీ నిలబెట్టారు. శ్రీను ఇప్పటికీ అక్కా అని పిలుస్తాడు. నేను పలకను. రాయిని ఎత్తుకెళ్లినందుకు ఏనాటికైనా క్షమిస్తానేమో గానీ, దాన్ని నా పక్కనే నిలబడి వెతికినందుకు మాత్రం క్షమించలేను.