సంజన కాదండి, సన్యాసమ్మని

ఆ రోజుల్లో ఆడపిల్లల పేర్లు కూడా సెల్‌ఫోన్లలాగే ఏడాదికేడాది సన్నబడిపోతుండేవి. మా నాయనమ్మ వయసు వాళ్లని పూర్తి పేరుతో పిలవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. అప్పలనరసమ్మ, సూర్యకాంతమ్మ, మహలక్ష్మమ్మ, ఇలా ఉండేవి. నేను బడికెళ్లే నాటికి క్లాసునిండా శ్రావణిలు, మౌనికలు. ఒక శ్రావణిని పిలిస్తే ముగ్గురు లేచేవారు. నన్ను పిలిస్తే మాత్రం ఎవరూ లేవరు, నాతో సహా. ఎందుకంటే నా పేరు సన్యాసమ్మ. కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు హాజరు వేస్తూ నా దగ్గర ఆగి, "మీ నాయనమ్మ పేరు కాదమ్మా, నీ పేరు చెప్పు" అన్నారు. అదే నా పేరని నేను, కాదేమోనని ఆయన కాసేపు వాదించుకున్నాం. (చివరికి ఆయనే ఒప్పుకున్నారు గాని, ఏడాది పొడుగునా నన్ను "ఇదిగో అమ్మాయ్" అనే పిలిచారు.) మగపిల్లలైతే కాశీకి టిక్కెట్టు తీశావా, కమండలం ఎక్కడ పెట్టావు అని అడిగేవారు. వాళ్లలో ఇద్దరి ముక్కుల మీద నా పలక దెబ్బ గుర్తు ఇంకా ఉండే ఉంటుంది.

డిగ్రీ మధ్యలో ఆపేసి విజయనగరంలో ఒక పెద్ద బట్టల షోరూంలో చీరల కౌంటరు దగ్గర చేరాను. నెల్లిమర్ల నుంచి పొద్దున్నే బస్సు. షోరూం ముసలి షావుకారు గారిది, పెత్తనం మాత్రం హైదరాబాదులో చదివొచ్చిన ఆయన కోడలిది. ఆవిడని అందరం మేడమ్ అనేవాళ్లం. మేడమ్ వస్తూనే కొట్టుకి ఏసీ పెట్టించింది, బొమ్మలకి కొత్త విగ్గులు తెప్పించింది, తర్వాత మా మీద పడింది. ఒకరోజు ఉదయం అందరినీ వరసగా నిలబెట్టి, పేర్లు అచ్చేసిన ప్లాస్టిక్ బ్యాడ్జీలు పంచింది. పేర్లు మావి కావు. లంగాల కౌంటరు పైడితల్లి ఆ పూట నుంచి పాయల్ అయిపోయింది. నా పక్క కౌంటరు దయామణి డయానా అయింది. నా చేతిలో పడిన ముక్క మీద 'సంజన' అని ఉంది.

"బాగుందే, ఆదివారం చర్చిలో దయామణి, మిగతా రోజులు డయానా. మా తాతకి తెలిస్తే బైబిల్ పెట్టి కొడతాడనుకో" అని దయామణి మురిసిపోయింది. దానికి దేనికైనా మురిసిపోవడమే. నాకు మాత్రం ఎవరో పక్కింటి పిల్ల జాకెట్టు నాకు తొడిగినట్టుంది. ఆ రోజంతా సూపర్‌వైజరు "సంజనా! సంజనా!" అని అరుస్తూనే ఉన్నాడు, నేను చీరలు మడతపెడుతూనే ఉన్నాను. కావాలని చేసింది కాదు, నిజంగానే ఆ పిలుపు నా చెవికెక్కలేదు. చివరికి ఆయనే వచ్చి భుజం తట్టి, "నీకు సెవుడా ఏటి?" అంటే, "ఎవరో సంజనంటండి, పాపం, ఎంత పిలిచినా పలకట్లేదు" అన్నాను సానుభూతిగా.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే అమ్మ చాలా తేలిగ్గా తీసుకుంది. "పేరు మారిస్తే ఏటయిపోద్ది? పని ఉన్నాది కదా. ఊరుకో." నాయనమ్మ తోడొస్తుందనుకున్నాను. ఆ పేరు పెట్టింది తనే. నాకన్నా ముందు మా అమ్మకి పుట్టిన ఇద్దరు పిల్లలు పొత్తిళ్లలోనే పోయారట. మూడోసారి నేను కడుపున పడగానే నాయనమ్మ వెళ్లి ఊరి చివర సన్యాసయ్య గద్దెకి మొక్కుకుని వచ్చింది. సన్యాసులకి ఇల్లూ వాకిలీ ఉండవు, ఎవరికీ చెందరు. అందుకని ఆ పేరు పెట్టిన పిల్లని చావు కూడా ఎవరి పిల్లో తెలీక వదిలేసి పోతుందని మా పక్క నమ్మకం. ఒకప్పుడు ఊళ్లో వీధికో సన్యాసమ్మ ఉండేదంటే, అన్ని ఇళ్లలోనూ ఆ భయం ఉండేదన్నమాట. ఆస్పత్రులొచ్చాక, టీకాలొచ్చాక భయం తగ్గింది, దాంతో పేరూ తగ్గింది. అలాంటి పేరు పెట్టిన నాయనమ్మ చుట్ట ఆర్పి తాపీగా ఏమందో తెలుసా? "మార్సీసుకోయే గుంటా. ఆ పేరు పనయిపోనాది. నువ్వు బతికినావు కదా. రోగం తగ్గినాక మందు సీసా దాసుకుంటామేటి?"

"నేనేటి, మందు సీసానా?" అని గయ్యిమన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో అప్పుడు తెలీలేదు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఇద్దరు పోయి నేను మిగిలానంటే, ఆ మిగిలినదాని పేరు సంజన కాదు. అంతవరకే తెలిసింది. అంతకంటే గట్టి కారణం మేడమ్‌కి చెప్పడానికి నా దగ్గర లేదు, చెప్పాలనీ అనిపించలేదు.

మర్నాడు తెల్లకాగితం ముక్క మీద నా పేరు పెద్దక్షరాలతో రాసి, అన్నం మెతుకులతో బ్యాడ్జీ మీద అతికించుకుని వెళ్లాను. మేడమ్ చూసింది. పిలిచింది.

"ఏంటిది?"

"నా పేరండి."

"సన్యాసమ్మ చూపించిన పట్టుచీర ఎవరు కొంటారు? ఆ పేరు వినగానే కస్టమర్‌కి కాషాయం గుర్తొస్తుంది."

"కాషాయం రంగులో కూడా మంచి చీరలున్నాయండి, రెండో అరలో" అన్నాను. ఎగతాళికి కాదు, నిజంగానే ఉన్నాయి. వెనకాల దయామణి కిసుక్కున నవ్వింది. మేడమ్ మొహం కందిపోయింది.

"ఆ కాగితం తీసేయ్. లేదంటే ఇంటికెళ్లిపో."

"ఇంటికెళ్లినా నన్ను అదే పేరుతో పిలుస్తారండి" అని చెప్పి, నా క్యారేజీ సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడ్డాను. గడ్డం పైకే ఉంది. (ఆ గడ్డం ఎత్తడం మా అమ్మకి బొత్తిగా నచ్చేది కాదు.) షావుకారు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "అమ్మవారి పండగ దగ్గిరపడింది, జనం విరగబడతారు. ఇప్పుడు పిల్లని ఎక్కడ వెతుకుతాం? పండగ కానీ అమ్మా, తర్వాత చూద్దాం" అని కోడలికి నచ్చచెప్పారు. అలా నా ఉద్యోగం పండగ దాకా ఊపిరి పోసుకుంది.

ఆయన అన్నట్టే పైడితల్లమ్మ పండగకి గజపతినగరం నుంచీ, పొందూరు నుంచీ జనం బస్సులు నింపుకుని వచ్చిపడ్డారు. కొట్టులో అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. నేను పైనున్న గోడౌన్లో చీరలు దింపుతున్నాను. కింద ఎవరో పెళ్లివారు, నిన్న చీరలు చూపించిన పిల్లే కావాలని పట్టుబట్టారట. మేడమ్ మైకు తీసుకుని "సంజనా, క్యాష్ కౌంటర్ దగ్గరికి రావాలి" అంది. నేను రాలేదు. మళ్లీ పిలిచింది. రాలేదు. పెళ్లివారు లేచి నిలబడేసరికి ఇక తప్పక, పళ్లు బిగించి, కొట్టంతా మారుమోగేలా పిలిచింది: "సన్యాసమ్మ ఎక్కడున్నా వెంటనే కౌంటర్ దగ్గరికి రావాలి!"

నేను చీరల కట్ట చంకలో పెట్టుకుని పరుగున మెట్లు దిగాను. దిగి చూద్దును కదా, కౌంటరు దగ్గర నాకు నిలబడే చోటు లేదు. తువ్వాళ్ల దగ్గర్నుంచి ఒక ముసలావిడ, దుప్పట్ల దగ్గర్నుంచి మరొకావిడ, లిఫ్టు ఎక్కడానికి భయపడి గోడ పట్టుకుని దిగొస్తూ ఇంకొకావిడ, అన్ని వైపుల నుంచీ వచ్చేస్తున్నారు.

"నానేటి సేసినానమ్మా? డబ్బులిచ్చీసినాను కదా!"

"మా గుంటడు తప్పిపోనాడేటి? అయ్యో, ఎక్కడున్నాడు?"

"ఓలమ్మా, నాకు బౌమానం తగిలినాదేటి?"

అన్నిటికన్నా వింత, జరీ చీర కట్టుకుని నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ మెల్లగా వచ్చి మేడమ్ చెవిలో, "నన్నేనా? కొంచెం నెమ్మదిగా పిలవండమ్మా. మా కోడలికి నా పేరు సంధ్య అని చెప్పాం" అంది. ఆ కోడలు సరిగ్గా ఆవిడ వెనకాలే ఉంది!

మేడమ్ గబగబా మైకు కట్టేసింది. నేను జనాన్ని తోసుకుని ముందుకెళ్లి, "మిమ్మల్ని కాదు మామ్మా, నన్ను పిలిచారు. సన్యాసమ్మని నేను" అన్నాను. తువ్వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మామ్మ నా గడ్డం పట్టుకుని ఊపేసింది. "సూడండే! మన పేరున్న గుంట ఇంకా ఉన్నాది! మా మనవరాలికి పెట్టమంటే మా కోడలు వారం రోజులు నాతోటి మాటాడనేదు." ఇంకొకావిడ నా కాగితం బ్యాడ్జీని వేలితో తడిమి, చదవడం రాకపోయినా, "ఇదేనా మన పేరు?" అని అడిగి చాలాసేపు చూసింది. పెళ్లివారు కూడా నవ్వుకుంటూ కూర్చున్నారు. ఆ సాయంత్రం వరకు మామ్మలందరూ నా కౌంటరు దగ్గరే చేరి, కొన్నవి కొన్నారు, కొననివి విప్పించారు, ఊరి కబుర్లన్నీ నాకు చెప్పారు.

మేడమ్ మనసు కరిగిపోయిందని రాయాలని ఉంది గాని, కరగలేదు. మొండితనంలో ఆవిడ నాకేం తీసిపోదు. పండగ కాగానే నాకొక కొత్త బ్యాడ్జీ ఇచ్చింది, దాని మీద 'ఎస్. అమ్మ' అని ఉంది. అదీ తిరిగిచ్చేశాను. "పూర్తి పేరు పట్టదు" అంది. "రెండు వరసల్లో వేయించండి" అన్నాను. చివరికి పైన 'సన్యా', కింద 'సమ్మ' అని వేయించి, నా చేతికివ్వకుండా బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. దాన్ని మహారాణి పతకంలా పెట్టుకుని తిరిగాను. తర్వాత వారంలో లంగాల కౌంటరు పైడితల్లి కూడా పాయల్ బ్యాడ్జీని పీకేసింది. దయామణి మాత్రం డయానాగానే ఉండిపోయింది, దానికి నిజంగానే ఆ పేరు ఇష్టం. ఇష్టమైతే ఇంకేం?

ఇప్పుడు వేరే కొట్టులో నేనే ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. కింద పనిచేసే పిల్లలు నా పేరు సగానికి విరిచి 'సన్యా మేడమ్' అంటారు. అది ఈమధ్య ఫ్యాషనట. మొన్నొక చిన్న వయసు తల్లి పాపనెత్తుకొచ్చి, "మా పాప పేరూ సన్యానే! మీ రోజుల్లోనే ఇంత స్టయిలిష్ పేరు పెట్టారా?" అని ఆశ్చర్యపోయింది. పూర్తి పేరు, ఎందుకు పెట్టారో అన్నీ చెప్పాను. ఆవిడ పాపని ఇంకాస్త దగ్గరగా హత్తుకుంది. ఆవిడ వెళ్లాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. గడ్డం ఎత్తి క్యారేజీ సంచితో నిలబడిన ఆ పిల్ల ఇప్పుడు నా దగ్గరికే పనికోసం వస్తే ఏం చేస్తాను? తీసుకుంటాను, తప్పకుండా తీసుకుంటాను. కాకపోతే మొదట్లో కొన్నాళ్లు దానికి కొంచెం భయపడతానేమో.