అందరి జాకెట్

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే ఒక్క మంచు జాకెట్ ఉంది. మొదట ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తు లేదు. కొలరాడో వెళ్లేవాళ్లు, అలాస్కా వెళ్లేవాళ్లు వరసగా వాడుకుని, ఉతక్కుండానే పక్కింటికి ఇచ్చేస్తారు. అంటార్కిటికాకు కాస్త ఇవతలి దీవులకు నేను దాన్నే వేసుకెళ్లాను.

ఆ ప్రయాణం నాది కాదు, మా ఆవిడది. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షిని గూటి మీద కూర్చుని ఉండగా చూడాలని ఆమెకు ఏళ్లనాటి కోరిక. ఆ దీవుల మీద బయటి గింజ ఒక్కటి పడినా మొలిచి అక్కడి గడ్డిని మింగేస్తుందట. బట్టలు శుభ్రం చేసుకుని రమ్మని ఓడవాళ్లు ముందే మెయిల్ పెట్టారు. ఆమె తన బూట్లను పాత టూత్‌బ్రష్‌తో తోమింది, జిప్పుల్లో పిన్నీసుతో గీకింది. జాకెట్ వాక్యూమ్ చేశావా అని నన్ను రెండుసార్లు అడిగింది. చేశానన్నాను. నిజానికి బాల్కనీలో నిలబడి ఓసారి దులిపాను, అంతే.

ఓడ దీవి ముందు ఆగింది. పెంగ్విన్ల రెట్ట కంపు, ఒడ్డున దొర్లే సీళ్లనే సముద్రజంతువుల కుళ్లుచేపల త్రేన్పుల కంపు గాలితో వచ్చాయి. ఈ పెంటకుప్ప చూడ్డానికా ఇంత దూరం వచ్చామని పైకే అన్నాను. ఆమె బైనాక్యులర్స్ దించలేదు.

దిగే ముందు ఓడలోనే బట్టలు తనిఖీ చేసే అమ్మాయి నా జాకెట్ లోపలి జేబు తిరగేసింది. సోంపు. భోజనాలయ్యాక ఎవరెవరో జేబులో వేసుకున్న సోంపు, జిడ్డు పట్టిన నూలుపోగుల్లో ఇరుక్కుని, ఎవరిదో వెంట్రుక చుట్టుకుని ఉంది. మధ్యలో సగం నమిలి ఉమ్మేసిన వక్కపలుకు. ఆ అమ్మాయి పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెట్టసాగింది. అందరి బట్టలూ పాసయితే గానీ ఒడ్డుకు చేర్చే పడవలు దించరు. వరసలో వాళ్లంతా నా జేబులోకే చూస్తున్నారు. ఆ పని ముగిసేసరికి గాలి లేచింది, దీవిలో దిగడం కుదరదని కెప్టెన్ చెప్పేశాడు. మా దారిలో ఆల్బట్రాస్ గూళ్లున్నది ఆ ఒక్క చోటే.

"వాక్యూమ్ చేశానన్నావు కదా," అంది మా ఆవిడ క్యాబిన్‌లో.

జాకెట్ నాది కాదని, ఆ సోంపు ఎవరిదో ఏమోనని ఏదేదో చెప్పుకుపోయాను. నా గొంతు వింటుంటే నాకే రోత పుట్టింది. ఆమె అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఇంకో దీవి, అక్కడ సీళ్లే. పడవలోకి ఎక్కించే అతను మీరిద్దరూ కలిసేనా అని అడిగాడు.

"నో, సెపరేట్," అని మా ఆవిడ నన్ను దాటుకుని ఎక్కేసింది.