జపాన్ నియోజకవర్గాలు, ఎల్బీనగర్ మీద ఒక వాక్యం

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో నేను ఇంట్లో కూర్చుని జపాన్ పార్లమెంటు నియోజకవర్గాల మీద తెలుగులో వ్యాసాలు రాశాను. నవ్వుకోండి, మా ఆవిడ కూడా నవ్వింది. బంద్ వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్‌కు తాళం పడేది. పాలిటీ చెప్పే నాకూ, జాగ్రఫీ చెప్పే నా సహోద్యోగికీ బోలెడంత తీరిక. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాది తాతల కాలం నుంచీ ఆ పక్కనే ఉన్న గడ్డిఅన్నారమే. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంటే, దానికి ఇద్దరం ఉచితంగా చాకిరీ చేసేవాళ్ళం.

జపాన్‌ను ఎంచుకున్నది ఆయనే. "అక్కడైతే మనిద్దరికీ గొడవ రాదండీ" అన్నాడు. నిజమే. అక్కడి నియోజకవర్గాలకు నంబర్లుంటాయి. హొక్కైడో పన్నెండు, టోక్యో ఏడు. పేరు కోసం కొట్టుకు చావాల్సిన పని లేదు. మా ఎల్బీనగర్ నియోజకవర్గం వ్యాసాన్నే నమూనాగా కాపీ చేసుకుని, అందులో ఊళ్ళూ అంకెలూ మార్చి కొత్త పేజీ పెట్టేవాళ్ళం.

ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండి, అక్కడే వడ్డించారు. మా అమ్మ కూడా వెళ్ళింది. మర్నాడు పేపర్లో వచ్చిన వార్తను ఆధారంగా చూపించి, ఎల్బీనగర్ వ్యాసంలో ఒకే ఒక్క వాక్యం చేర్చాను: ప్రత్యేక రాష్ట్రం కోసం ఇక్కడి స్థానికులు వంటావార్పు చేశారని. మా వాళ్ళ గురించి ఆ పేజీలో అంతకుముందు ఒక్క ముక్క లేదు. ఈ ఒక్కటీ అక్కడ నిలవాలని ఎంతగా ఆశపడ్డానో. చాయ్ తాగి వచ్చి చూసేసరికి లేదు. పేజీలో మార్పుల చరిత్ర చూస్తే, తీసేసింది ఆయనే. కారణం, "తటస్థంగా లేదు" అట.

ఫోన్ చేశాను.

"గా లైను ఎందుకు తీసేసిన్రు సార్? పేపర్ల వచ్చిందే పెట్టిన గద."

"పేపర్లు సవాలక్ష రాస్తాయండీ. స్థానికులు అన్నారు. మేమూ ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాం, మేం వండలేదే."

"అయితే గా ఒక్క మాట మార్చుండ్రి. మొత్తం లైను ఎందుకు తీసుడు? మా అమ్మ ఆడనే ఉండె సార్. అన్నం ఒండింది."

"మీ అమ్మగారి మాట ఆధారం కిందకి రాదు కదండీ."

ఒళ్ళు మండిపోయింది. ఆయన రాసిన జపాన్ పేజీలన్నీ తిరగేశాను, తప్పు పట్టుకోవాలనే. దొరికింది. నమూనాలోని ఒక వాక్యం మార్చడం మరిచిపోయి, హొక్కైడో పన్నెండో నియోజకవర్గం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ఉందని వదిలేశాడు. నెలల తరబడి అది చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. నేను దిద్దాను. ఆధారం కూడా పెట్టలేదు.

కాసేపటికి ఆయన దగ్గర్నుంచి మెసేజ్: "చాలా థాంక్స్ సార్. మీరు దిద్దారంటే ఇక నేను చూసుకోనక్కర్లేదు."

ఇద్దరం ఎన్నడూ చూడని జపాన్ గురించి ఆయనకు నా మాట చాలింది. మా అమ్మ అన్నం వండిన చౌరస్తా గురించి చాలలేదు.